స్లాబు మీద చీమలు

20 ఫిబ్రవరి 1962, మంగళవారం. జమ్మికుంట.

సిమెంటు వచ్చింది. ఆరు సంచులు. పర్మిట్ కాగితం చేతికి రావడానికి దసరా నుంచి పట్టింది. అది వచ్చాక రాయమల్లు మేస్త్రి, అష్టగ్రహ కూటమి దాటితే గాని పని మొదలుపెట్టనన్నాడు. లోకమే మునిగినంక స్లాబు ఎవని కోసం కాకా అని అడిగాడు. ఎనిమిది గ్రహాలూ వచ్చాయి, కలిశాయి, ఎవరి దారిన అవి పోయాయి. లోకం మునగలేదు. రాయమల్లుకు పని తప్పలేదు.

అంబదాస్ దుకాణంలో బండికి ఎత్తించే ముందు సంచులు ఒక్కొక్కటీ చూశాను. ముప్ఫై నాలుగేండ్లు పత్తి మార్కెట్‌లో దడువాయిని. తూకం వేసేవాడి కన్ను సంచి మీద పడితే ముందు కుట్టు వెతుకుతుంది. విప్పి మళ్ళీ కుట్టిన సంచికి దారం కొత్తగా ఉంటుంది, చిల్లులు పాతగా ఉంటాయి. ఆ తర్వాత చెయ్యి లోపలికి పెట్టాలి. మంచి సిమెంటు చల్లగా తగులుతుంది. వేళ్ళ మధ్య నలిపితే పిండిలా జారాలి. గడ్డలుంటే తేమ తగిలిందన్నమాట, ఎంత తక్కువకిచ్చినా వద్దనాలి. ఇవి ఏ బడిలోనూ చెప్పరు. నలుగురిని అడిగి, ఇద్దరి చేత తిట్లు తిని నేర్చుకున్నాను. అక్షరాలు కూడా అలాగే, పత్తి బోరాల మీది రాతలు చూసి నేర్చినవే. అందుకే నా దస్తూరి సంచి మీద మార్కా వేసినట్టుంటుందని పోస్టాఫీసులో నవ్వుతారు.

అంబదాస్ కూడా నవ్వుతూనే నిలబడ్డాడు. పిల్లను చూడ వచ్చినట్టు చూస్తున్నవేంది మామా, నోట్ల పండ్లు గూడ లెక్కవెడ్తవా అన్నాడు.

ఈ ఆరాటమంతా ఒక వంటింటి కోసం. పొడవు పది అడుగులు, వెడల్పు ఎనిమిది. పోయిన వైశాఖంలో మా తాటికమ్మల వంటకొట్టం అంటుకుంది. నా ఇల్లాలు శంకరవ్వ లోపలే ఉంది. కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. అప్పటినుంచి వాకిట్లో మూడు రాళ్ళ మీద వండుతోంది. వాన పడితే నేను గొడుగు పట్టుకుని నిలబడతాను. ఆ గొడుగు పొయ్యికా, నాకా అన్నదే మా ఇంట్లో ఏడాదిగా నడుస్తున్న కొట్లాట. నిప్పంటని కప్పు వేయిస్తానని మాటిచ్చాను, మృగశిర చినుకు పడేలోపల.

23 ఫిబ్రవరి, శుక్రవారం.

సెంట్రింగ్ బిగించారు. కింద గుంజలు, పైన చెక్కలు, వాటి మీద ఇనుప సలాకల అల్లిక. నడిమధ్యన ఉట్టికని శంకరవ్వ ఒక ఇనుప కొక్కెం పెట్టించుకుంది. కొక్కెం మీద ఉన్న నమ్మకం ఆమెకు సిమెంటు మీద లేదు. బూడిదల నీళ్ళు గలిపితే ఇల్లయితదా, గట్లయితే నా పొయ్యిల దినాం ఒక మిద్దె లేస్తుండె అంది. ఆమె పుట్టింటి మిద్దె డంగు సున్నంతో కట్టింది. నాలుగు తరాల నుంచి నిలిచి ఉంది. ఇప్పటికీ గోడకు మేకు దిగదు. ఆ సంగతి పెండ్లయిన నాటినుంచి వింటున్నాను.

రాయమల్లు కూడా ముప్ఫై ఏండ్లు సున్నం పనివాడే. సిమెంటుతో బావి గట్టొకటి, మెట్లొకటి కట్టాడు. స్లాబు ఇదే మొదటిది. దాచుకోకుండా చెప్పాడు. నిలవకుంటే నా ఖర్చుతోని మళ్ళ ఏస్త కాకా, నా ఇజ్జత్ సవాల్ అన్నాడు. దాచుకోనివాడికి పని ఇవ్వవచ్చని నా లెక్క.

రెండు రోజులుగా వాకిట్లో కుండలో కరక్కాయ ఉడుకుతున్న వాసన. నాకు దగ్గు ఉంది. ఈ వయసులో నా మీద ఇంత ప్రేమా అని మురిసిపోయి ఏమీ అడగలేదు.

25 ఫిబ్రవరి, ఆదివారం, సాయంత్రం.

స్లాబు పడింది.

పొద్దుటినుంచి వాకిలంతా తిరునాళ్ళే. ఆడవాళ్ళు గంపలు అందిస్తుంటే రాయమల్లు పైనుంచి కేకలు. నేను అడ్డం తగులుతున్నానని శంకరవ్వ వీధి అరుగు మీదికి తోలింది. అక్కడ ఇసుక బండి వెంకటి బీడీ తాగుతూ కూర్చున్నాడు. పనిలేని మనిషి దొరికితే నాకు కథ రాకుండా ఉండదు. నలభై నాలుగులో పత్తి బోరం నడుమ నాపరాయి పెట్టి తెచ్చిన ఆసామిని నేనెట్లా పట్టుకున్నానో చెప్పాను. బోరం విప్పకుండానే పట్టాను. పత్తి బరువు కాంటాకు మెల్లగా తెలుస్తుంది, రాయి బరువు ఒక్కసారే తెలుస్తుంది. ముల్లు ఊగే తీరే వేరు. ఆ ముల్లు ఊగే చోటికి వచ్చేసరికి శంకరవ్వ వచ్చి ఏదో అడిగింది. ఊఁ అన్నాను. వెంకటి రెండో బీడీ ముట్టించాడు. ఆసామి నా కాళ్ళ మీద పడే చోటు ఇంకా మిగిలే ఉంది మరి.

కథ అయ్యేసరికి స్లాబు కూడా అయింది.

26 ఫిబ్రవరి.

పొద్దున్నే నిచ్చెనెక్కి బొటనవేలి గోరు గుచ్చి చూశాను. దిగింది. గోడ వెంబడి చీమల బారు పైకి పోతోంది. వాటికీ కొత్త ఇల్లు చూడాలని ఉంటుంది.

27 ఫిబ్రవరి.

గోరు దిగింది.

28 ఫిబ్రవరి, బుధవారం.

మూడో రోజు. గోరు ఇంకా దిగుతోంది. సిమెంటు రాత్రికి రాత్రే గట్టిపడాలి. ఇది పుట్ట మన్నులా ఉంది.

రాయమల్లు నిచ్చెన కింద తల పట్టుకుని కూర్చున్నాడు. ఏమేం కలిపావని అడిగాను. ఇసుక, కంకర, సిమెంటు, నీళ్ళు, ఇంకేముంటది కాకా అని నా కండ్లలోకి చూసి చెప్పాడు. అబద్ధమాడే మనిషి ముల్లు నాకు తెలుసు. ఇతను ఆడలేదు. మన్ను గాని, బూడిద గాని ఎవరైనా కలిపారా అని శంకరవ్వను అడిగాను. మన్ను ఎవలు గలుపుతరు, నీకు మతి గిట్ల పోయిందా అంది. ఆమె కూడా అబద్ధమాడలేదు.

ఇద్దరూ నిజం చెబితే మూడోవాడు దొంగ. మూడోవాడు అంబదాస్.

పోయేముందు రాయమల్లు, మేకలు రెండున్నయి, అమ్మి మళ్ళ పోస్త అన్నాడు. అతని ముఖం చూడలేకపోయాను.

1 మార్చి, గురువారం.

అంబదాస్ దుకాణానికి పోయాను. ఇరవైమంది ఉన్నారు. ఇరవైమంది ఉన్నప్పుడే పోయానని రాయడం న్యాయం. నువ్వమ్మింది సిమెంటు కాదు, శ్మశానం బూడిద అన్నాను. ఆ మాట నోట్లో తయారవుతుండగానే బాగుందనిపించింది. అందుకే అన్నాను.

అంబదాస్ ముందు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. మా బాపు మగ్గం మీద ఒక్క పోగు తప్పు పోతే జానెడు బట్ట ఇప్పెటోడు, ఆయన కొడుకుకు కల్తీ అంటగడ్తవా మామా అన్నాడు. తొవ్వల పోయెటోళ్ళందరు ఇన్నరు, ఇగ నా దుకాణంల సున్నం పొట్లం గూడ ఎవడు కొంటడు అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే నాకు సులువయ్యేది.

3 మార్చి, శనివారం.

పొద్దున తలుపు తీస్తే గడప మీద కొబ్బరిచిప్ప. దాని నిండా గట్టిపడ్డ సిమెంటు. మీకిచ్చిన లాటులదే, మొన్న నువ్వు పోంగనే కలిపి పోసిండు అని దుకాణం హమాలీ చెప్పి పోయాడు. చిప్ప పగలగొట్టాను. లోపలి బిళ్ళ పగల్లేదు. సుత్తితో కొడితే సుత్తి పిడి ఊడింది.

ఇంత తేలిగ్గా ఓడిపోయే మనిషిని కాను. మా ఇంట్లో మిగిలిన అర సంచిలోంచి గుప్పెడు తీసి ఇంకో చిప్పలో నేనే పోశాను. నా చేతులతో కలిపింది అబద్ధమాడదు కదా.

4 మార్చి, ఆదివారం. శివరాత్రి.

నా చిప్ప కూడా రాయైంది.

ఉపవాసం. నీరసం. పైగా తప్పు మా వాకిట్లోనే ఉందని తేలాక ఇంకా నీరసం. మధ్యాహ్నం రాయమల్లు బడి కట్టడం మీదున్న ఓవర్సీర్‌ను బతిమాలి తీసుకొచ్చాడు. ఆయనది కృష్ణా జిల్లా. ఆయన ఏమండీ అంటే నా వెనక ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూశాను. నిచ్చెనెక్కాడు. వేలితో నొక్కాడు. గోడ వెంబడి కిందికి చూశాడు. తర్వాత, ఏమండీ, వీటికి ఇక్కడేం పని అన్నాడు. చీమల్ని చూపించాడు. వారం నుంచి అవి ఎక్కుతూనే ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన పచ్చి పెచ్చు ఒకటి గిల్లి నాలుక చివర పెట్టుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు. తియ్యగా ఉందేమిటి అన్నాడు.

వాకిట్లో బియ్యం చెరుగుతున్న శంకరవ్వ తల ఎత్తకుండానే, బెల్లం పోసినంక తియ్యగుండక చేదుగుంటదా అంది. రాయమల్లు కూడా, అవు సార్, బెల్లం, కరక్కాయ నీళ్ళు బరాబర్ పోసినం, ఇంటామె చేతితోనే పోయించినం అన్నాడు. చేసిన మంచిపని చెప్పుకున్నట్టే చెప్పాడు.

మరి ఏం కలిపావంటే చెప్పలేదేమని నేను అరిచాను. రాయమల్లు బిత్తరపోయాడు. బెల్లం కలుపుడెట్లయితది కాకా, అది పోసుడు గద అన్నాడు. నిజమే. ముప్ఫై ఏండ్లు సున్నం పనిలో బెల్లం పోయని రోజు లేదు. అన్నంలో ఏం కలిపావని అడిగితే ఎసరు సంగతి ఎవరు చెబుతారు? సున్నాన్ని బెల్లం పట్టి ఉంచుతుంది. నాలుగు తరాల మిద్దె దానిమీదే నిలిచి ఉంది. సిమెంటుకు మాత్రం అదే బెల్లం నిద్రమందట. తీపి తగిలితే గట్టిపడటం మరిచిపోతుందట. ఓవర్సీర్ చెప్పాడు.

ఎంత పోశారని అడిగాడు. శంకరవ్వ రెండు చేతులతో చూపించింది. చిన్న దిమ్మ. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. మేలుకోవచ్చు, మేలుకోకపోనూ వచ్చు, నేను మాటివ్వలేను అన్నాడు. పగలగొట్టడానికి తొందరేమీ లేదు, పోసిన నాటినుంచి నలభై రోజులు గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండండి, గుంజలు ముట్టొద్దు, పిల్లీ కుక్కా కూడా దానికింద పడుకోవద్దు, ఆ తర్వాత బరువు పెట్టి చూద్దాం, పైన గట్టిపడిందని లోపల నమ్మకండి అన్నాడు. మృగశిరకు ఇంకా మూడు నెలలుంది. పగలగొట్టి మళ్ళీ మొదలుపెడితే ఇంకో పర్మిట్, ఇంకో దసరా. ఈ వానాకాలం కూడా గొడుగే.

ఆయన పోయాక శంకరవ్వను నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగితిని గద, బెల్లం నీళ్ళు పొయ్యాల్నా అంటే ఊఁ అంటివి అంది.

అరుగు. వెంకటి బీడీ. ముల్లు ఊగే చోటు.

పద్దెనిమిదేండ్ల కిందటి రాయిని పట్టుకుంటున్నాను నేను, నా ఇంటి కప్పులో బెల్లం పడుతుంటే.

5 మార్చి, సోమవారం.

జనం ఉన్నప్పుడే అంబదాస్ దుకాణానికి పోయాను. తిట్టింది ఇరవైమందిలో అయితే ఒప్పుకునేది ఇద్దరిలో చెల్లదు. తప్పు సిమెంటుది కాదు, బెల్లం పోయమన్నది నేనే అన్నాను. శంకరవ్వ పేరు ఎత్తలేదు. అబద్ధం కాదు కదా, ఊఁ నాదే.

దుకాణం గొల్లున నవ్వింది. అంబదాస్ నవ్వలేదు. త్రాసులో సున్నం తూచి ఒక ముసలమ్మకు ఇచ్చి పంపాక, మరి యాలకులెందుకు మరిచినవ్ మామా అన్నాడు. అప్పుడు నేనూ నవ్వాను. లేచి వస్తుంటే మెల్లగా, శ్మశానం అన్న మాట మాత్రం యాదికుంటది మామా అన్నాడు. ఉండనీ. నాకూ ఉంటుంది.

సాయంత్రానికి మా ఇంటికి బక్షాల ఇల్లని, అంటే బొబ్బట్ల ఇల్లని పేరు వచ్చింది. పక్కింటి యాదవ్వ గోడ మీంచి, కొస ముక్క నాకు వెట్టుండ్రి అని అడిగింది. శంకరవ్వ గోడ దగ్గరికి పోయి, నీకు పండ్లెక్కడియే ముసలిదానా అంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నువ్వొక్కనివే నెత్తినెందుకు ఏసుకున్నవ్ అని అడిగింది. దగ్గు మందు అనుకున్న కరక్కాయ గురించి చెప్పాను. అంత నవ్వు ఆమె నవ్వగా ఏడాదిగా చూడలేదు.

12 మార్చి.

గోరు సగమే దిగింది. చీమలు తగ్గాయి.

15 మార్చి, గురువారం.

గుంజలూ చెక్కలూ ఇంకొకరి పనికి కావాలట. నడిమి గుంజలుంచి అంచులవి తీసుకపోత కాకా అని రాయమల్లు నసిగాడు. ఒక్కటి కూడా వద్దన్నాను. మేస్త్రి తొందరకు కప్పు అప్పగిస్తే దానికింద కూర్చునేది మేస్త్రి కాదు. అతను కోపం తెచ్చుకోలేదు. రోజూ పొద్దున వచ్చి నాకంటే ముందు నీళ్ళు చల్లుతున్నాడు. మేకలను ఇంకా అమ్మలేదు. వెంట తోలుకొస్తాడు. అవి మా గోనెపట్టా కొస ఒకటి తినేశాయి.

21 మార్చి. హోళీ.

గోరు విరిగింది!

రక్తం కారుతున్న వేలు పట్టుకుని నిచ్చెన మీద నవ్వుతుంటే యాదవ్వ చూసింది. రంగనుకుంది.

5 ఏప్రిల్, గురువారం. ఉగాది.

పచ్చడి వాకిట్లోనే, మూడు రాళ్ళ పక్కన. కొత్త వంటింట్లో చేద్దామని శంకరవ్వకు ఉంది గాని అడగలేదు. బెల్లం అంబదాస్ దగ్గరే తెచ్చాను. పొట్లం కట్టి, గిది నోట్లకే, స్లాబులకు గాదు మామా అన్నాడు.

8 ఏప్రిల్, ఆదివారం.

ఇవాళ తూకం. నా జన్మలో ఇంత పెద్ద తూకం వేయలేదు.

ముప్ఫై సంచుల బరువు పెట్టాలని ఓవర్సీర్ చెప్పాడు. ఇసుక కోసం వెంకటికి చెప్పబోతుంటే అంబదాస్ కబురు పంపాడు. నిన్ననే సిమెంటు బండ్లు దిగాయట. ముప్ఫై సంచులు ఒక్క పూటకు ఇస్తానన్నాడు. కూలిపోతే నీ సరుకు పోతుందని చెప్పి పంపాను. నా సిమెంటు మీదనే నా సిమెంటు కూసుంటది, ఫికర్ నాకెందుకు అని జవాబు.

ముందు గుంజలు. ఎవరూ కిందికి పోకూడదు. గుంజలన్నీ నిలిచి ఉండగానే రాయమల్లు ఒక్కో గుంజ మొదటికి తాడు కట్టి, బయట గుమ్మం దగ్గర నిలబడి లాగాడు. ముందు నడిమివి, తర్వాత అంచులవి. ఒక్కోటి పడినప్పుడల్లా శంకరవ్వ నా భుజం గిల్లింది. చెక్కలు కూడా రాలాయి. కప్పు నిలబడింది.

కిందికి పోకుండా కప్పు వంగిందీ లేనిదీ తెలిసేదెట్లా? దానికి నా దగ్గర ఉపాయం ఉంది. ఈ కిలోలు వచ్చి నా సేర్లను చెల్లకుండా చేశాయి. ముప్ఫై నాలుగేండ్లు నా చేతిలో అరిగిన అర్ధసేరు ఇనుపగుండు పెట్టెలో పడి ఉంది. పొడవాటి కర్రతో గుమ్మంలోంచే దాన్ని ఉట్టి కొక్కేనికి తీగతో తగిలించాను. దానికింద పసుపునీళ్ళ పళ్ళెం జరిపాను. గుండుకూ నీళ్ళకూ మధ్య జొన్నగింజంత సందు. కప్పు జొన్నగింజంత వంగితే గుండు నీళ్ళను ముట్టుకుంటుంది. ముల్లు లేని కాంటా.

హమాలీలు మోస్తున్నారు. పది. పదిహేను. సందు అట్లాగే ఉంది. ఇరవై. అంబదాస్ దుకాణం మూసి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. రాయమల్లు గోడకు ముఖం పెట్టి, ఎన్ని కాకా, ఎన్ని కాకా అని అడుగుతున్నాడు గాని తిరిగి చూడటం లేదు. ఇరవై ఎనిమిదో సంచికి పళ్ళెంలో నీళ్ళు వణికాయి. నేను గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. గుండు తాకలేదు. సంచి దించిన హమాలీ అడుగు అదురు. మిగతా రెండూ పెట్టండన్నాను.

ముప్ఫై. సందు సన్నగయింది. కానీ ఉంది.

రేపు పొద్దున దాకా అట్లాగే ఉంచాలి. గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని ఇది రాస్తున్నాను. ఈ పూట నాకు కథలేమీ గుర్తుకు రావడం లేదు.

9 ఏప్రిల్, సోమవారం.

పొద్దునకీ అదే సందు. సంచులు దింపారు. ఒక్కటీ చిరగలేదు. అంబదాస్ ఒక్కో సంచి కుట్టు చూస్తున్నట్టు నటించి నన్ను ఉడికించాడు. ఓవర్సీర్ వచ్చి చూసి, ఇక వండుకోండి, ఇంకో స్లాబుకు మాత్రం నన్ను అడక్కుండా దేనికీ ఊఁ అనకండి అన్నాడు. రాయమల్లు మేకలను తోలుకుని పోయాడు. ఈసారి తల పైకెత్తి నడిచాడు.

ముందు నేనొక్కణ్ణే పోతానన్నాను. పోయి సరిగ్గా కొక్కెం కింద కూర్చున్నాను. బొటనవేలికి కొత్త గోరు మొలుస్తోంది. అది చూసుకుంటూ ఒక గడియ కూర్చుందామనుకున్నాను. పైన కప్పుకు చెక్కల అచ్చులు, కొత్త సిమెంటు వాసన, చల్లదనం. ఇంతలో శంకరవ్వ కట్టెల మోపుతో లోపలికి వచ్చింది. బయటే ఉండమన్నానుగా అన్నాను. జరుగు, నడుమ కూసున్నవ్, పొయ్యి ఏడ వెట్టాలె అంది.

పైకి ఒక్కసారి కూడా చూడలేదు. కాలిన చేత్తోనే అగ్గిపుల్ల గీసింది.

14 ఏప్రిల్.

చీమలు మళ్ళీ వచ్చాయి. ఈసారి బారు గుమ్మంలోంచి పొయ్యిగట్టు దాకా, బెల్లం కుండ దగ్గరికి. తిననీ అని మూత పెట్టలేదు. ఈ ఊఁ కోసం ఎవరినీ అడగలేదు.